ఆవాకు సాగ్‌కి మిక్సీ వద్దు, పప్పుగుత్తి తీయండి

హోటల్లో సర్సోం కా సాగ్, అంటే పంజాబీ ఆవాకు కూర తిని, ఇదేంటి పాలకూర పేస్టులా ఉంది అనుకున్నారా? అది మిక్సీ, క్రీమ్ చేసిన పని. పంజాబ్ పల్లెల్లో చలికాలం పొయ్యి మీద గంటల తరబడి ఉడికే సాగ్‌లో ఆ రెండూ ఉండవు. అక్కడ ఆకుని ఘోట్నాతో మెదుపుతారు, అంటే కర్రతో చేసిన గుత్తి, అచ్చం మన పప్పుగుత్తి లాంటిదే.

కిలో ఆవాకుకి పావుకిలో పాలకూర, పావుకిలో బథువా తీసుకోండి. బథువాని మన దగ్గర చక్రవర్తి కూర అంటారు, దొరక్కపోతే పాలకూరే ఇంకాస్త వేయండి. ఆవాకు ఒక్కటే వేస్తే చేదు, ఘాటు ఎక్కువైపోతాయి, మిగతా రెండూ దాన్ని నెమ్మదింపజేస్తాయి. మార్కెట్లో ఆవాకు కనిపించకపోతే చలికాలం మొదట్లో కుండీలో గుప్పెడు ఆవాలు చల్లుకోండి, నెల దాటేసరికి కోతకొస్తుంది. లేత కాడలు పారేయొద్దు, పైన నార తీసి ముక్కలు చేసి ఆకుతోనే వేసేయండి, అసలు రుచంతా వాటిలోనే ఉంటుంది. ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్లు కడగాల్సిందే.

తరిగిన ఆకు, అల్లం, ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు, నాలుగు పచ్చిమిర్చి, ఉప్పు, గ్లాసు నీళ్లు వేసి సన్నటి సెగ మీద గంటన్నర ఉడకనివ్వండి. టైం లేకపోతే కుక్కర్లో రెండు విజిల్స్ వచ్చాక సెగ తగ్గించి ఇరవై నిమిషాలు ఉంచండి.

ఇప్పుడు పప్పుగుత్తి పట్టుకోండి. ఒక చేత్తో మెదుపుతూ, ఇంకో చేత్తో మూడు చెంచాల మొక్కజొన్న పిండిని కొంచెం కొంచెంగా చల్లుతూ ఉండాలి. దీన్ని అక్కడ ఆలన్ అంటారు, ఆకుని నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచేది ఇదే. పిండి ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. మళ్లీ అరగంట సన్నటి సెగ మీద ఉంచండి, చిక్కబడ్డాక బుడగలు చిట్లి చేతుల మీద పడతాయి, మూత ఓరగా పెట్టండి. గుత్తి ఎత్తితే సాగ్ జారిపోకుండా ముద్దగా పడాలి, మధ్యలో కాడల పలుకు తగలాలి.

పసుపు, ధనియాల పొడి, గరం మసాలా వేయకండి, ఆకు వాసన చచ్చిపోతుంది. నెయ్యిలో ఉల్లిపాయ, అల్లం, ఎండుమిర్చి వేయించి ఆ పూట తినేంత సాగ్‌కే పోపు పెట్టండి, మిగిలింది మర్నాడు తాజా పోపుతో ఇంకా బాగుంటుంది.

సాగ్‌తో తినే రొట్టెకి పసుపుపచ్చగా ఉండే మొక్కజొన్న పిండే కావాలి, తెల్లటి కార్న్‌ఫ్లోర్ పనికిరాదు. జొన్న రొట్టె చేయడం వచ్చినవాళ్లకి ఇది కష్టమే కాదు, ఎందుకంటే రెండు పిండుల్లోనూ గోధుమలో ఉండే సాగే గుణం ఉండదు. ఒక్కో రొట్టెకి సరిపడా పిండి తీసుకుని వేడినీళ్లతో కలిపి అరచేతి అడుగు భాగంతో బాగా మర్దించి, తడి చేతులతో తట్టండి. అంచులు పగిలితే తడివేలితో అదమండి. కొంచెం వాము, తురిమిన ముల్లంగి కలిపితే చాలా రుచి. మందంగా తట్టి నిదానంగా కాల్చి, పెనం మీంచి తీసిన వెంటనే వెన్న పూసి, పక్కన బెల్లం ముక్క, పచ్చి ఉల్లిపాయ పెట్టి వడ్డించండి. చల్లారితే రొట్టె గట్టిపడుతుంది, అందుకే అందరూ కూర్చున్నాకే పెనం పెట్టండి.