విని అర్థం చేసుకునే ఇంగ్లీషు – 6: మింగేసిన అక్షరాలు

పోయిన పాఠంలో "ఒత్తి పలికే మాటలు పట్టుకోండి, మిగతావి వదిలేయండి" అన్నాను. మీరు నిజంగానే వదిలేశారు! అక్కడిచ్చిన అభ్యాసంలో 'రేపు రాలేను' అన్న మనిషి 'వస్తాను' అన్నాడని చాలామంది రాసేశారు. తప్పు నాదే. కొత్త పాఠం పక్కన పెట్టి ఆ వదిలేసినవాటి సంగతి చూద్దాం.

తెలుగులో రాసిన అచ్చు దాదాపు పూర్తిగా పలుకుతుంది. ఇంగ్లీషులో ఒత్తు పడని అచ్చు చాలాసార్లు చిన్న 'అ'గా నలిగిపోతుంది. దాని పేరు ష్వా. బనానాలో మధ్య 'నా' ఒక్కటే నిండుగా వినబడుతుంది, అటూ ఇటూ ఉన్నవి నలిగినవే. ఫోటోగ్రాఫ్‌లో గట్టిగా ఉన్న 'ఫో' కాస్తా 'ఫటాగ్రఫర్'లో 'ఫ' అయిపోతుంది. చిన్న మాటలదీ అదే గతి: 'కప్ ఆఫ్ టీ' కాస్తా 'కపటీ', 'కుడ్ హ్యావ్' కాస్తా 'కుడవ్'. ఇంగ్లీషు సొంత భాషైనవాళ్లు కూడా ఈ రెండోదాన్ని 'కుడ్ ఆఫ్' అని తప్పు రాస్తుంటారు. మనమూ 'చెప్పుతాను' అనం కదా, 'చెప్తా' అంటాం.

ఇక నన్ను విసిగించేది క్యాన్, క్యాన్ట్. అందరూ చివరి 'ట్' కోసం చెవులు రిక్కిస్తారు. అమెరికన్లు దాన్ని తరచూ గొంతులోనే ఆపేస్తారు, మీరెంత వెతికినా దొరకదు. అచ్చును వినండి. 'ఐ కన్ కమ్' అన్నప్పుడు 'కన్' ఉందో లేదో అన్నట్టుంటుంది, బరువంతా 'కమ్' మీదే. 'ఐ క్యాన్(ట్) కమ్' అన్నప్పుడు 'క్యా' నిండుగా పలుకుతుంది. అంటే వాక్యం మధ్యలో 'క్యాన్' స్పష్టంగా వినబడిందా, రానంటున్నాడన్నమాట! బ్రిటిష్ వాళ్లతో ఈ టెన్షన్ తక్కువ, వాళ్లది 'కాన్ట్'. వాక్యం చివర మాత్రం జాగ్రత్త: 'యెస్, ఐ క్యాన్'లో నిండుగా పలికినా అది ఒప్పుకోలే. మనం మాట్లాడేటప్పుడు ఇదే తిరగబడుతుంది. ఒకసారి ఫోన్లో నేను 'ఐ క్యాన్ డూ ఇట్' అని నొక్కి చెబితే, అవతలాయన "సరే, ఇంకెవరినైనా అడుగుతాను" అన్నాడు.

అభ్యాసం: సబ్‌టైటిల్స్ ఆపేసి, ఎవరైనా మామూలుగా మాట్లాడే 20 సెకన్ల ఆడియో తీసుకోండి. ఒక్క మాటా వదలకుండా రాయండి. వినబడనిచోట ఖాళీ ఉంచొద్దు, చుక్క పెట్టండి, నేనైతే అలాగే చేస్తాను. 10 సార్లు విన్నాకే సబ్‌టైటిల్స్ చూడండి. స్పీడు తగ్గించి వినొద్దు, నలిగిన అచ్చులు సాగి మాట రూపమే మారిపోతుంది. చుక్కల కింద ఏ మాటలున్నాయో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం వాటితోనే.