కొత్తగా వార్డు ఇన్‌చార్జ్ అయిన సిస్టర్లకి

తిరుపతిలో పేషెంట్ పక్కన కూర్చున్నవాళ్ల నోట "గోవిందా" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది, కానీ ఇన్‌చార్జ్‌కి కావాల్సిన ఆధ్యాత్మికత పూజ ఒక్కటే కాదండీ. మేనేజ్‌మెంట్ పరిశోధకుడు లూయీ ఫ్రై 2003లో చెప్పిన స్పిరిచువల్ లీడర్‌షిప్ (ఆధ్యాత్మిక నాయకత్వం)లో ఉన్నవి మూడే: దారి చూపే లక్ష్యం, నమ్మకం, ప్రతిఫలం ఆశించని ప్రేమ.

డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించే హ్యాండోవర్‌కి ముందు ఒక్క నిమిషం అందరూ మౌనంగా నిలబడండి; ప్రార్థన ఎవరిష్టం వాళ్లది, బలవంతం వద్దు. నైట్ డ్యూటీలో పేషెంట్ చనిపోయి, కళ్లు ఎర్రబడి కూర్చున్న సిస్టర్‌ని చార్టు అడిగే ముందు "ఏమన్నా తిన్నావామ్మా?" అనండి, పక్కన కూర్చోండి, ఆమె చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి. నాకైతే అసలు పని ఇదే. తప్పు జరిగితే అందరి ముందూ అరవొద్దు. బ్రహ్మోత్సవాలప్పుడు రద్దీ తెలిసిందే కాబట్టి డ్యూటీ చార్టు ముందే వేసి, కష్టమైన నైట్ ఒకటి మీరే తీసుకోండి.