ట్యూషన్‌కి వెళ్తున్నా లెక్కలు తప్పుతుంటే

పిల్లలకు మార్కులు తగ్గగానే ఇంకో ఇరవై లెక్కలు ఇవ్వకండి. ఒకే తప్పు ఇరవైసార్లు చేస్తే అది అలవాటైపోతుంది. "ఎలా చేశావో చెప్పమ్మా" అని అడిగి, మధ్యలో దిద్దకుండా చివరిదాకా వినండి. తప్పు ఎక్కడ మొదలైందో అక్కడే తెలుస్తుంది.

సమస్య: 1/2 + 1/4 = 2/6 అని రాస్తున్నారు.

కారణం: లవం, హారం వేర్వేరు సంఖ్యలనుకుని పైవి పైన, కిందివి కింద కూడేస్తున్నారు. హారం ముక్క ఎంత పెద్దదో చెబుతుందన్న సంగతి మనసుకెక్కలేదు.

పరిష్కారం: వెంటనే కసాగు (ఎల్‌సీఎం) జోలికి పోవద్దు. ఎకరం అంటే 100 సెంట్లని మన డెల్టా పిల్లలు ఇంట్లో వింటూనే ఉంటారు. అర ఎకరం 50 సెంట్లు, పావు 25, కలిపితే 75. మరి 2/6 ఎకరం 33 సెంట్ల పైచిలుకే. అర ఎకరానికి పావు కలిపితే చేను తగ్గుతుందా అని అడగండి, వాళ్లే ఆగిపోతారు. అప్పుడు 50 సెంట్లను రెండు పాతికలుగా విడదీయించండి: 2/4 + 1/4 = 3/4. మూడో వంతు సెంట్లలో సరిగా తెగదు కనుక 1/3 + 1/4 లాంటి లెక్కకు 12 గళ్ల పట్టీ గీయించాలి. 1/3 అంటే 4 గళ్లు, 1/4 అంటే 3 గళ్లు, మొత్తం 7/12. ఆ 12 ఎక్కడిదని అడిగిన రోజున కసాగు చెప్పండి.

సమస్య: 624 ÷ 6 = 14.

కారణం: 2లో 6 పోదు కదా అని భాగఫలంలో సున్న వేయకుండా 4 దించేస్తున్నారు.

పరిష్కారం: ముందు అంచనా. 600లో 6 వందసార్లు పోతుంది, జవాబు వంద దాటాలి. కింద ఒక అంకె దించితే పైన ఒక అంకె పడి తీరాలి: 104.

సమస్య: −3 − 5 = 8.

కారణం: "మైనస్ మైనస్ ప్లస్" అని బట్టీ పట్టిన గుణకారం సూత్రాన్ని ఇక్కడ వాడేస్తున్నారు.

పరిష్కారం: కాగితం మీద రేవు మెట్లు గీయించండి. నీటిమట్టం 0. మూడు మెట్లు కిందున్నవాడు ఇంకో అయిదు దిగితే −8.

సమస్య: రెండున్నర ఎకరాలు, ఎకరానికి 32 బస్తాలు, బస్తా 75 కిలోలు. మొత్తం ధాన్యం ఎంతంటే మూడూ కూడేస్తున్నారు.

కారణం: కథ చదవకుండా అంకెలు ఏరుకుంటున్నారు. ఇంగ్లీషు మీడియం వాళ్లకైతే చాలాసార్లు మాటే అడ్డు: లబ్ధం తెలుసు, దాన్నే ప్రొడక్ట్ అంటారని తెలియదు.

పరిష్కారం: అంకెలు లేకుండా లెక్కను తెలుగులో చెప్పించండి. ప్రతి మెట్టులో ప్రమాణం రాయించండి: 2.5 × 32 = 80 బస్తాలు, 80 × 75 = 6,000 కిలోలు.

సమస్య: ట్యూషన్‌లో వచ్చిన లెక్క పరీక్షలో రావడం లేదు.

కారణం: బోర్డు మీద నమూనా చూస్తూ ఒకే రకం వరసగా చేస్తున్నారు. ఏ పద్ధతి వాడాలో ఎంచుకునే పని వాళ్లకు పడటం లేదు.

పరిష్కారం: రోజూ మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి, తెల్లకాగితం మీద మూడు లెక్కలు: నిన్నటిది ఒకటి, మూడు రోజుల కిందటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి. తప్పినదాన్ని తేదీ వేసి వేరే నోటులో రాయించి, వారం తర్వాత అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి.