ఏఐ వాయిస్ ఓవర్‌లో తెలుగు ఎక్కడ తేడా కొడుతోంది? సమస్య, కారణం, పరిష్కారం

కోకాపేట ఫ్లాట్ల వీడియో అయినా, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ ప్రకటన అయినా, పాతబస్తీ హలీం రీల్ అయినా ఇప్పుడు చాలావాటికి గొంతు ఏఐదే. కింద ఎవరో ఒకరు "రోబో వాయిస్ బ్రో" అని కామెంట్ పెడతారు. వెంటనే అందరం చేసే పని టూల్ మార్చడం. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో మోహన్, శ్రుతి అనే తెలుగు గొంతులున్నాయి. గూగుల్ క్లౌడ్‌లో ఉన్నాయి, సర్వం అనే మన దేశపు ఏఐ కంపెనీ వాళ్ల బుల్‌బుల్ ఉంది, మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ వాళ్లు ఉచితంగా వదిలిన మోడళ్లున్నాయి. ఇవన్నీ తిరిగొచ్చినా కామెంట్ మారకపోతే తప్పు గొంతులో లేదు, స్క్రిప్టులో ఉంది. అందుకే కింద చెప్పిన వాటిలో ఎక్కువ భాగం రాతను సరిచేసే పనే.

తెలుగు చదువుతోంది, కానీ యాస హిందీవాళ్లదో తమిళులదో అనిపిస్తోంది

ముందు మోడల్ పేరు చూడండి. ఉదాహరణకు ఇలెవెన్‌ల్యాబ్స్ అనే ఏఐ గొంతుల టూల్‌లో మల్టీలింగ్వల్ వీ2 మోడల్‌కు వచ్చిన 29 భాషల్లో హిందీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. దానికి తెలుగు ఇస్తే తనకు తెలిసిన భాషల అలవాటుతో ఏదో ఒకటి పలుకుతుంది. తెలుగు వీ3లో వచ్చింది. టూల్ హోమ్‌పేజీలో "తెలుగు ఉంది" అని రాసి ఉంటే చాలదు, మీరు ఎంచుకున్న మోడల్‌కు తెలుగు వచ్చో రాదో చూసుకోవాలి.

అర్థంలేని శబ్దాలు చేస్తోంది, లేదా అసలు పలకడం లేదు

క్లయింట్ స్క్రిప్టు డీటీపీ సెంటర్ నుంచి వచ్చిందా? అయితే అది అను ఫాంట్లలో టైప్ చేసింది అయి ఉంటుంది. తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే గుర్తులు. కన్వర్టర్‌లో వేసి, ఏ కంప్యూటరైనా గుర్తించే యూనికోడ్ తెలుగులోకి మార్చండి. మార్చాక ఒత్తులు ఒకసారి చూసుకోండి, సాధారణంగా దెబ్బతినేవి అవే. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన స్క్రిప్టును మళ్లీ టైప్ చేసుకోవడమే మేలు.

అంకెలు, ధరలు, పొడి అక్షరాల దగ్గర తడబడుతోంది

రియల్ ఎస్టేట్ వీడియోలు చేసేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. స్క్రిప్టులో ఇలా ఉంటుంది: "ధర రూ. 85,00,000. 2బీహెచ్‌కే, 1,250 చ.అ. ఓఆర్‌ఆర్ ఎగ్జిట్ నుంచి 3 కి.మీ." కంటికి ఇందులో లోపమేమీ కనబడదు. మెషీన్ మాత్రం "రూ" తర్వాత చుక్క చూసి వాక్యం అయిపోయిందనుకుని ఆగొచ్చు. మన లక్షల కామాలు తెలియక ఎనభై ఐదుని ఒక సంఖ్యగా, తర్వాతి సున్నాలను విడిగా చదివేయొచ్చు. "చ.అ." అంటే చదరపు అడుగులని దానికి తెలియకపోవచ్చు.

పరిష్కారం ఒక్కటే. నోటితో ఎలా అంటామో అలా అక్షరాల్లో రాయాలి. "ఎనభై ఐదు లక్షలు. టూ బీహెచ్‌కే. పన్నెండు వందల యాభై ఎస్‌ఎఫ్‌టీ. ఓఆర్‌ఆర్ ఎగ్జిట్ నుంచి మూడే కిలోమీటర్లు." ఇక్కడ "రెండు బీహెచ్‌కే" అని రాస్తే వ్యాకరణం చెడదు గానీ హైదరాబాద్‌లో అలా ఎవరూ అనరు. సంవత్సరాలూ అంతే. చార్మినార్ కథ చెబుతూ 1591 అని అంకెల్లో వదిలేస్తే "వెయ్యి ఐదు వందల తొంభై ఒకటి" అని లెక్కల మాస్టారులా చదవొచ్చు. "పదిహేను వందల తొంభై ఒకటి" అని రాసిస్తే కథలా వినిపిస్తుంది. ఫోన్ నంబర్ అయితే ఒక్కో అంకెనూ విడిగా రాసి, మధ్యలో కామాలు పెట్టండి. ఇంకా మంచిది, నంబర్ చదివించకుండా తెరమీద వేసి "కింద ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి" అనిపించడం.

ఇంగ్లిష్ మాట రాగానే గొంతు మారిపోతోంది

వాక్యం మధ్యలో ఇంగ్లిష్ లిపి కనబడగానే కొన్ని గొంతులు అమెరికా యాసలోకి జారతాయి, కొన్ని ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటాయి. "అప్రూవల్", "ప్లేస్‌మెంట్", "డెమో క్లాస్" లాంటివన్నీ తెలుగు లిపిలోనే, మన నోట్లో పలికినట్టే రాయండి. కంపెనీ పేరు మాత్రం ఒకటికి రెండు రకాలుగా రాసి వినండి. క్లయింట్ మొదట పట్టుకునేది తన పేరునే.

"చాలు", "చుట్టం", "జడ" వింతగా పలుకుతోంది

అచ్చ తెలుగు మాటల్లో అ, ఉ, ఒ లాంటి అచ్చులతో వచ్చే చ, జ లను మనం పళ్ల దగ్గర పలుకుతాం. "చంద్రుడు", "జలం" లాంటి సంస్కృత పదాల్లో అవి తాలవ్యాలు, అంటే నాలుకను అంగిలికి ఆనించి పలికేవి. రాతలో రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి మోడల్ కొన్నిసార్లు అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. ఉచ్చారణ డిక్షనరీ సదుపాయం ఉన్న టూల్ అయితే ఆ మాటను అందులో చేర్చండి. లేకపోతే "త్సాలు" అని రాసి వినండి, కొన్ని గొంతులకు పనిచేస్తుంది. పనిచేయకపోతే మాటే మార్చేయండి, దాని మీద గంటలు పెట్టడం దండగ. ఊరి పేర్లకూ ఇదే పద్ధతి. "సికింద్రాబాద్", "లక్డీకాపూల్" లాంటివి ముక్కలు ముక్కలుగా వస్తుంటే, జనం పలికేదానికి దగ్గరగా ఉండే స్పెల్లింగ్ రాసి చూడండి. తెరమీద వేసే పేరు వేరే ఫైల్లో ఉంటుంది కాబట్టి, గొంతుకిచ్చే స్క్రిప్టులో అక్షరదోషాలున్నా నష్టం లేదు.

ఉచ్చారణ బాగుంది, అయినా ప్రాణం లేదు

అసలు చిక్కు ఇక్కడుంది. చాలా స్క్రిప్టులు ముందు ఇంగ్లిష్‌లో పుట్టి, చాట్‌బాట్ చేతిలో తెలుగవుతాయి. "మా సంస్థను సంప్రదించడం ద్వారా మీరు ఉత్తమమైన శిక్షణను పొందవచ్చు" అనే వాక్యాన్ని మంచి డబ్బింగ్ ఆర్టిస్టుకు ఇచ్చినా నోటీసు చదివినట్టే వస్తుంది. అదే "జావా నేర్చుకోవాలా? ఒక్కసారి వచ్చి డెమో క్లాస్ వినండి" అంటే మెషీన్ నోట కూడా మాటలా వస్తుంది.

ఇంగ్లిష్‌లో నొక్కి చెప్పాలంటే గొంతు పెంచుతారు. తెలుగులో ఆ పని చాలావరకు మాటలోనే జరిగిపోతుంది. "ఆదివారం వరకు అందుబాటులో ఉంటుంది" అనే దాన్ని ఎన్ని సెట్టింగ్స్ తిప్పినా చప్పగానే ఉంటుంది. "ఆదివారం దాకే" అనండి, నొక్కు దానంతటదే వస్తుంది. ఇక్కడే, ఇప్పుడే, మీకూ, వస్తారా అనే చివరి అచ్చులే మన వాల్యూమ్ బటన్లు. వాక్యంలో మాటల వరుస కూడా మన చేతిలో ఉంది. "మెట్రో స్టేషన్ మా ఆఫీసుకు ఎదురుగా ఉంది" అనడానికీ, "మా ఆఫీసుకు ఎదురుగానే మెట్రో స్టేషన్" అనడానికీ వినేవాడి చెవిలో చాలా తేడా.

ఇంకో కారణం పొడవు. మన క్రియ వాక్యం చివర్లో వస్తుంది. చేసి, చూసి, తెలుసుకుని, తీసుకుని అంటూ పోతే ఎవరు ఏం చేశారో తెలిసేసరికి వినేవాడు స్క్రోల్ చేసేస్తాడు. మెషీన్‌కు ఊపిరి అక్కర్లేదు కాబట్టి అది ఆగదు. పది పన్నెండు మాటలకు ఒక వాక్యం తెంచండి. తెలుగు రాతలో కామాలు తక్కువ వాడతాం, కానీ గొంతుకిచ్చే స్క్రిప్టులో ధారాళంగా వాడాలి. "కూకట్‌పల్లిలో, అదీ మెయిన్ రోడ్డు మీద, ఈ రేటుకు" అన్నట్టు. అజూర్ లాంటి వాటిలో బ్రేక్ ట్యాగ్ అనే చిన్న కోడ్ పెట్టి మిల్లీసెకన్ల లెక్కన ఆపవచ్చు. చిన్న విరామానికి 300, కొత్త విషయంలోకి వెళ్లేటప్పుడు 700 దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. ఇలెవెన్‌ల్యాబ్స్ వీ3 ఈ బ్రేక్ ట్యాగులను పట్టించుకోదు. అక్కడ మూడు చుక్కలు, బ్రాకెట్లలో రాసే భావాల ట్యాగులు వాడాలి.

ఇవన్నీ చేశాక కూడా నవ్వు నవ్వులా, ఏడుపు ఏడుపులా రాకపోతే ఇంక టూల్‌తో కుస్తీ పట్టకండి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు డబ్బింగ్ ఆర్టిస్టులు ఉన్నారు. ఎమోషన్ ఉన్న నాలుగు లైన్లు వాళ్లతో చెప్పించడం తెలివైన ఖర్చు.

30 సెకన్ల వీడియోలో గొంతు పట్టడం లేదు

ఇంగ్లిష్ స్క్రిప్టు నిమిషానికి 150 మాటల లెక్కన రాస్తారు. మన మాటలు పొడుగు, "చేయించుకోవాలనుకుంటున్నారా" అనేది లెక్కకు ఒక్క మాటే. అందుకని ఆ లెక్క ఇక్కడ చెల్లదు. వేగం 1.3కు పెంచితే ఆటోలో మైకు పెట్టి అరిచినట్టుంటుంది. నా మటుకు 1.1 దాటను, మిగతాది స్క్రిప్టులోనే కోస్తాను. "అందుబాటులో ఉంది", "కలిగి ఉంటుంది" లాంటివి తీసేస్తే సగం పని అయిపోతుంది.

ఒక లైనుకూ ఇంకో లైనుకూ గొంతు మారుతోంది

ఒక్కో లైను విడిగా జనరేట్ చేస్తే వెనకా ముందూ ఏముందో మోడల్‌కు తెలియదు. పైగా ప్రతిసారీ కొంచెం కొత్తగా పలికేలా వాటిని తయారుచేశారు. పేరా మొత్తం ఒకేసారి ఇవ్వండి. స్టెబిలిటీ (గొంతు ఎంత నిలకడగా ఉండాలో చెప్పేది), సీడ్ (అదే పలుకు మళ్లీ రావడానికి ఇచ్చే నంబర్) లాంటి సెట్టింగ్స్ ఉంటే రాసిపెట్టుకోండి, నెల తర్వాత క్లయింట్ "ఒక్క లైను మార్చండి" అన్నప్పుడు కావాలి. చాలా టూల్స్ అక్షరాల లెక్కన కోసే క్రెడిట్ల సంగతి కూడా గుర్తుంచుకోండి. "స్త్రీ" మనకు ఒక అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు. కొత్త గొంతును రెండు లైన్లతో పరీక్షించాకే మొత్తం స్క్రిప్టు ఇవ్వండి.

నా గొంతే క్లోన్ చేశాను, నాలా లేదు

తక్షణ క్లోనింగ్‌కు, అంటే చిన్న శాంపిల్‌తో గొంతును నకలు చేయడానికి, ఒకటి రెండు నిమిషాల ఆడియో చాలు, కానీ మీరు ఏమిస్తే అదే తిరిగొస్తుంది. ఫ్యాన్ చప్పుడు ఇస్తే ఫ్యాన్‌తో సహా క్లోన్ అవుతుంది. ఇంగ్లిష్ పేరా చదివి ఇస్తే మీ తెలుగులో ఇంగ్లిష్ లయ వస్తుంది. తెలంగాణ మాట కావాలంటే శాంపిల్‌లో అలాగే మాట్లాడాలి, స్క్రిప్టులోనూ "చెప్తున్న", "పోదాం పా" అని అలాగే రాయాలి. పత్రిక భాష ఇచ్చి యాస రావాలంటే రాదు.

ఫోన్లో వింటే పలచగా ఉంది, మ్యూజిక్‌లో మునిగిపోతోంది

చాలా టూల్స్ 24 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుతో ఆడియో ఇస్తాయి, అంటే 12 కిలోహెర్ట్జ్ పైన ఉండే సన్నటి శబ్దాలేమీ ఉండవు. అవకాశం ఉంటే 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ డౌన్‌లోడ్ చేయండి. ఎంపీ3ని మళ్లీ మళ్లీ ఎంపీ3గా సేవ్ చేయొద్దు. మ్యూజిక్‌ను మొత్తంగా తగ్గించేకన్నా, మాట స్పష్టతకు ముఖ్యమైన 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఈక్యూతో (ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్) కొంచెం కోయండి. మొత్తం మిక్స్‌ను మైనస్ 14 లఫ్స్ (వినిపించే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచండి. యూట్యూబ్ అంతకన్నా గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నవాటిని మాత్రం పెంచదు.

మానిటైజేషన్ ఆగుతుందేమో, నోటీసు వస్తుందేమో అని టెన్షన్

ఏఐ గొంతు వాడినంత మాత్రాన యూట్యూబ్ డబ్బు ఆపదు. 2025 జులై 15 నుంచి "అసలైనది కాని కంటెంట్" అని పేరు మార్చిన నియమం ఒకే మూసలో గుట్టలుగా పోసే వీడియోల మీద. ఉచిత ప్లాన్‌తో చేసిన ఆడియోను క్లయింట్‌కు అమ్మడం వేరే సమస్య. ఇలెవెన్‌ల్యాబ్స్ ఫ్రీ ప్లాన్‌లో వ్యాపారానికి వాడే హక్కు ఉండదు. కనీసం ఒక నెలైనా పెయిడ్ ప్లాన్ తీసుకుని ఆ నెలలో జనరేట్ చేసినవే ఇవ్వండి.

హీరో గొంతుతోనో గాయకుడి గొంతుతోనో చేయమని క్లయింట్ అడిగితే కుదరదని చెప్పండి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఒక సినిమా కోసం ఏఐతో పుట్టించారని 2024లో ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. అదే ఏడాది గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును నకలు చేసే టూల్స్ మీద బాంబే హైకోర్టు మధ్యంతర ఆదేశాలిచ్చింది. వేరేవాళ్ల గొంతు క్లోన్ చేసి వాయిస్ ఓవర్‌కు వాడితే ఆ సంగతి అప్‌లోడ్ చేసేటప్పుడు వెల్లడించాలని యూట్యూబ్ కూడా అంటోంది. మీ ఆఫీసులో రిసెప్షనిస్టు గొంతు బాగుందని వాడుకున్నా సరే, ఏ వీడియోలకు, ఎంతకాలం, ఉద్యోగం మానేశాక ఆ క్లోన్ ఎవరి దగ్గర ఉంటుంది అనేవి ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోండి.