పాత కారు ముందు సీట్లు మళ్ళీ బిగించేటప్పుడు జాగ్రత్తలు

ఫ్లోరుకి రంగు వేయడం, కార్పెట్ పరచడం, కొత్త కవర్లు తొడగడం అన్నీ అయ్యాక సీట్లు చేతికొస్తాయి. ఇంకేముంది, పని అయిపోయినట్టే, నాలుగు బోల్టులు బిగిస్తే బండి రోడ్డెక్కుతుంది అనిపిస్తుంది. సరిగ్గా ఆ తొందరలోనే తప్పులు దొర్లుతాయి. సీటుని అలంకారం సామాన్లలో కలిపేస్తాం కానీ, నా దృష్టిలో అది బ్రేకుల పనితో సమానం. పెడల్ గట్టిగా తొక్కినప్పుడు మన వీపు ఆనేది సీటుకే. అది జారితే పెడల్ మీద కాలు నిలవదు, చేతులు తెలియకుండానే స్టీరింగ్‌ని లాగేస్తాయి.

నాకిది అనుభవం మీద తెలిసింది. సీట్లు బిగించిన సాయంత్రమే బండి బయటికి తీశాను. ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలబోతుంటే సీటు ఒక్కసారిగా వెనక్కి జారింది. క్లచ్ మీంచి కాలు తప్పింది, బండి కుదుపుతో ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ చేతికి అందబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే, సీటు ముందుకీ వెనక్కీ జారే రెండు పట్టాల్లో (వీటినే రన్నర్లు అంటారు) ఒకదాని లాక్ పళ్ళలో పడనే లేదు, రెండోదాని పన్ను అరిగిపోయి ఉంది. కూర్చున్నప్పుడు ఒక క్లిక్ వినిపించింది కదా అని నమ్మేశాను. ఆ క్లిక్ ఒక పక్కది మాత్రమే.

అందుకే సీటు లోపలికి తెచ్చే ముందే ఫ్లోరు చూడండి. బోల్టులు దిగే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకయితే ఖంగుమంటుంది, తుప్పు తిన్నదయితే మందంగా మోగుతుంది. పైన రంగు మెరుస్తున్నా కింద రేకు పొరలు పొరలుగా ఊడుతూ ఉండొచ్చు కాబట్టి బండి కిందికి కూడా వెళ్ళి చూడాలి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి మాత్రం దూరకండి, స్టాండ్లు పెట్టండి. చాలా కార్లలో నట్లు ఫ్లోరుకే అతికించి ఉంటాయి. వాటి లోపల కొత్త రంగు, తుప్పు పట్టకుండా బండి కింద పూసే అండర్‌కోటింగ్ నిండిపోతాయి. సరైన సైజు ట్యాప్‌తో, అంటే నట్టు లోపల మర కోసే పనిముట్టుతో, మర శుభ్రం చేసుకోండి. బోల్టు తిప్పుతుంటే నట్టు కూడా తిరుగుతోందంటే అతుకు ఊడిపోయినట్టే. కార్పెట్ పరిచి ఉండగా దాన్ని వెల్డింగ్ చేయించొద్దు. కొన్ని బళ్ళలో పెట్రోల్ పైపు, బ్రేకు పైపు ఆ రేకు కిందే పోతాయి. కొత్తగా రంధ్రం వేయాల్సి వచ్చినా ముందు కింద ఏముందో చూసుకోవాలి.

ఇక బోల్టులు. 1950లు, 60ల నాటి బ్రిటిష్ కార్లలో ఎక్కువగా ఉండేవి యూఎన్ఎఫ్ మరలు, అంటే అంగుళాల కొలతలో వచ్చే సన్న మరలు. 5/16 అంగుళం బోల్టు అంటే 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు (ఎం8) పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ మొదటిదానికి అంగుళానికి 24 మరలు, రెండోదానికి మర మరకీ మధ్య 1.25 మిల్లీమీటర్లు. తప్పు బోల్టు పెడితే ఒకటి రెండు చుట్లు బాగానే తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. తుప్పేమో అనుకుని స్పానర్‌తో బలం పెట్టామా, నట్టులోని మర కోసుకుపోతుంది. పట్టినట్టే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. ప్రతి బోల్టూ కనీసం నాలుగు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. తిరగకపోతే తీసేసి చూడండి.

తల మీద గుర్తులు కూడా చదవండి. మెట్రిక్ బోల్టయితే 8.8 అని ఉండాలి, అంగుళాల బోల్టయితే మధ్య నుంచి అంచుకి మూడు గీతలు. ఏ గుర్తూ లేనిదాన్ని సీటుకి వాడొద్దు. పొడవు సంగతి చాలామంది మరిచిపోతారు. కొత్త కార్పెట్, దాని కింద ఫెల్ట్ మందంగా ఉంటే పాత బోల్టు రెండు మూడు మరలకే పట్టుకుంటుంది. బోల్టు ఎంత లావో కనీసం అంత లోతుకి మరలో దిగాలి. మరీ పొడుగయితే కింద పైపుకి గుచ్చుకుంటుంది.

అసలు రన్నర్ మెత్తటి కార్పెట్ మీద కూర్చోకూడదు. నాలుగు రోజుల్లో కార్పెట్ నలిగి బోల్టు వదులవుతుంది. రన్నర్ కిందికి వచ్చే కార్పెట్ ముక్క కత్తిరించి రన్నర్ రేకు మీదే ఆనేలా చేయండి, లేదా కంపెనీ ఇచ్చిన స్పేసర్లు (ఎత్తు కోసం మధ్యలో పెట్టే గట్టి ముక్కలు) పెట్టండి. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో రన్నర్ల కింద చెక్క పట్టీలు వచ్చేవి. విప్పినప్పుడు పనికిరాని చెక్క అనుకుని పారేసిన వాళ్ళున్నారు. సీటు ఎత్తూ వాలూ వాటి మీదే ఆధారపడతాయి.

సీటు ఎక్కించే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయండి. ఎర్త్ అంటే నెగెటివ్ అనుకుని చేయి పెట్టకండి. 1960ల మధ్య వరకు ఎన్నో బ్రిటిష్ కార్లకి పాజిటివే ఎర్త్. బాడీకి పోయే తీగ ఏదో చూసి అదే తీయండి. ల్యాండ్ రోవర్ సిరీస్ బళ్ళ పొట్టి మోడల్‌లో ముందు సీటు కిందే పెట్రోల్ ట్యాంకు ఉంటుంది. అలాంటి చోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమే.

రన్నర్లు కడిగి, జారే చోట పల్చగా గ్రీజు రాయండి. లాక్ పళ్ళకి దట్టంగా పూయొద్దు, దుమ్ము చేరి గట్టిపడుతుంది. పళ్ళ మీద, జారే అంచుల మీద పౌడర్ కోటింగ్ కూడా వద్దు. రన్నర్ స్ప్రింగు తగిలించేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి. వేళ్ళు పట్టాల మధ్య పడకుండా చూసుకోండి, రంధ్రం కలిసిందా అని వేలు పెట్టి చూడటం అసలే వద్దు. సీటు ఇద్దరు పట్టుకుని ఎక్కించాలి. తలుపు అంచు మీద పాత దుప్పటి వేస్తే కొత్త రంగు బతుకుతుంది.

నాలుగు బోల్టులూ చేత్తో ఎక్కించి వదులుగా ఉంచండి. సీటుని ముందు నుంచి వెనక దాకా రెండు మూడుసార్లు జరపండి. అప్పుడు రెండు పట్టాలూ వాటంతటవే సమాంతరంగా సర్దుకుంటాయి. తర్వాత సీటు వెనక్కి నెట్టి ముందు బోల్టులు, ముందుకి లాగి వెనక బోల్టులు బిగించండి. బిగువు ఎంతో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి. బిగించాక సీటు బరువుగా జరుగుతోందంటే పట్టాలు వంకర పడ్డట్టు. ఇంకాస్త గ్రీజు రాసి సరిపెట్టకండి, బోల్టులు వదులు చేసి మళ్ళీ మొదలుపెట్టండి.

బెల్టు బకిల్ సీటు కింద ఇరుక్కోకుండా, స్వేచ్ఛగా తిరిగేలా ఉండాలి. బెల్టు బోల్టు చాలా పాత కార్లలో 7/16 అంగుళం యూఎన్ఎఫ్, దాని స్పేసరు, వాషర్లు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో పోవాలి. ఫ్లోరుకి ఉండాల్సిన బెల్టుని సౌకర్యం కోసం సీటు ఫ్రేముకి తగిలించొద్దు.

ఇప్పుడు ఇంజిన్ ఆపి ఉండగానే పరీక్ష. సీట్లో కూర్చుని ఫ్లోరుకి కాళ్ళు తన్నిపెట్టి వీపుతో గట్టిగా వెనక్కి నెట్టండి. తర్వాత ముందుకి ఊగండి. ఒక్క గాడిలో కాదు, ప్రతి గాడిలోనూ. ఇంకొకరిని టార్చితో కింద చూడమనండి, రెండు పక్కల లాక్ పన్నూ పూర్తిగా పడిందా అని. లివర్ వదిలితే దానంతటదే వెనక్కి రావాలి. రెండు తలుపుల కారయితే ముందుకి వంగే వీపు భాగం లాక్ కూడా చూడాలి.

సర్దుబాటు క్లచ్ నుంచి మొదలుపెట్టండి. పెడల్ ఫ్లోరు దాకా నొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. భుజాలు సీటుకి ఆనించి చేయి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. మరీ దగ్గరగా కూర్చోవద్దు. ఢీకొంటే లోపలికి కుంగే స్టీరింగ్ కాలమ్ అమెరికాలో 1968 నుంచి, హెడ్‌రెస్ట్ 1969 నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు బళ్ళలో చాలావాటికి ఈ రెండూ ఉండవు. కొత్త స్పాంజి వేయిస్తే కూర్చునే ఎత్తు పెరుగుతుంది, కాబట్టి అద్దాలు సీటు తర్వాతే సరిచేయండి.

మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా, బ్రేకు వేసి చూడండి. వెనక్కి వచ్చాక నాలుగు బోల్టుల మీదా స్పానర్ పెట్టండి. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి. అప్పటికీ బోల్టు తిరుగుతోందంటే ఇంకోసారి బిగించి ఊరుకోకండి. సీటు తీసి కింద ఏది నలుగుతోందో చూడండి.