పోషకాహార లోపం పసిపిల్లల నాడీవ్యవస్థను దెబ్బతీయకుండా చూసుకోవడం ఎలా

పోషకాహార లోపం అనగానే చిక్కిపోయిన ఒళ్లే గుర్తొస్తుంది. అయితే బరువు మామూలుగా ఉన్నప్పుడు కూడా నాడీవ్యవస్థ నిర్మాణంలో లోటు మొదలై ఉండవచ్చు. అందువల్ల బిడ్డను తూకం వేసి ఊరుకోకుండా, ఏ దశలో ఏ పోషకం అవసరమో తెలుసుకుని జాగ్రత్తపడాలి.

ఆ జాగ్రత్త గర్భధారణకు ముందే మొదలు కావాలి. పిండంలో మెదడుగానూ వెన్నుపాముగానూ రూపొందే నాడీనాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. చాలామంది స్త్రీలకు అప్పటికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వైద్యులు చెబుతారు. తొలి నెలల్లో పిండం మెదడు తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది, ఆ హార్మోన్ తయారీకి అయోడిన్ కావాలి. కాబట్టి ఇంట్లో అయోడిన్ ఉప్పునే వాడాలి.

పుట్టాక ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇనుము మీద. రెండేళ్లు నిండేసరికి మెదడు పెద్దవారి మెదడు బరువులో దాదాపు 80 శాతానికి చేరుతుంది. నాడీతంతువులకు మైలిన్ అనే కొవ్వు పొర ఏర్పడి సంకేతాలు వేగంగా సాగడం మొదలయ్యేది కూడా ఎక్కువగా ఈ కాలంలోనే, ఆ పొరను అల్లే కణాలకు ఇనుము తప్పనిసరి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది: కొరత వచ్చినప్పుడు శరీరం ఉన్న ఇనుమును ముందుగా ఎర్ర రక్తకణాలకే కేటాయిస్తుంది కనుక, హిమోగ్లోబిన్ బాగున్నంత మాత్రాన మెదడుకు ఇనుము సరిపోతోందని చెప్పలేం. నెలలు నిండి పుట్టిన బిడ్డకు పుట్టుకతో వచ్చిన నిల్వలు సుమారు ఆరు నెలలు సరిపోతాయి. ఆ తర్వాత తల్లిపాలతో పాటు మాంసం, చేపలు, గుడ్లు, పప్పులు మెత్తగా చేసి పెట్టాలి; పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ ఉన్న పండు తోడుండాలి. తక్కువ బరువుతో పుట్టినవారికి ఇనుము చుక్కలు ఇంకా ముందే అవసరమవుతాయి. అయితే మోతాదు మించితే ఇనుము విషమవుతుంది కనుక వాటిని వైద్యుల సలహాతోనే వేయాలి.

తల్లి మాంసాహారం, గుడ్లు, పాలు ఏవీ తీసుకోనిదైతే బిడ్డకు బి12 విటమిన్ సరిగా అందుతోందా అని ఆలోచించాలి. తొలి నెలల్లో చక్కగా ఎదిగిన బిడ్డ నవ్వడం మానేసి, మెడ నిలపలేక, మందకొడిగా మారితే, అంటే వచ్చిన విద్యలే పోతుంటే, ఒక్క రోజు కూడా ఆగకుండా వైద్యులకు చూపించాలి. ఇక్కడ ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్లు కనిపిస్తుంది గాని, నరాలకు జరిగే నష్టం ఆగదు.

ఆరు నెలలు దాటిన బిడ్డకు ఇంట్లోనే ఒక కొలత తీసుకోవచ్చు. ఎడమ చేతిని మోచేతి దగ్గర వంచి, భుజం కొనకూ మోచేతి కొనకూ సరిగ్గా నడుమ గుర్తు పెట్టి, చేతిని వదులుగా వేలాడనిచ్చి, చర్మం నొక్కుకోకుండా టేపు చుట్టాలి. అయిదేళ్ల లోపు పిల్లల్లో ఆ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్రమైన లోపమే. రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కి పట్టి తీసినప్పుడు గుంట నిలిచిపోయినా అంతే. అలాంటి బిడ్డకు ఇంట్లో బలవంతంగా తినిపించడం ప్రమాదకరం, వెంటనే వైద్యులకు చూపించాలి. చికిత్స తొలి రోజుల్లో ఆహారాన్ని కొద్దికొద్దిగా ఇవ్వాలి, ఇనుమునైతే బిడ్డ కోలుకుని బరువు పెరగడం మొదలయ్యాకే ఇవ్వాలి.

అలాగే బిడ్డ తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోతే, పద్దెనిమిది నెలలకు కూడా నడవకపోతే, కారణం ఆహారమే అయినా కాకపోయినా పరీక్ష చేయించాలి.

చివరిగా, తిండి ఒక్కటే చాలదు. జమైకాలో 1980ల్లో పరిశోధకురాలు శాలీ గ్రాంథామ్-మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల కుంటుపడిన 129 మంది పిల్లల్లో కొందరికి పాలపొడి, కొందరికి వారానికి ఒక గంట ఆటపాటలు, కొందరికి రెండూ అందించింది. అలా సాగిన రెండేళ్లలో అందరికంటే బాగా పుంజుకున్నవారు రెండూ అందినవారే. దీనికి ఖరీదైన బొమ్మలేమీ అక్కరలేదు: తినిపించేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పడం, బిడ్డ చేసిన శబ్దానికి బదులు పలకడం, గిన్నెలో గిన్నె పెట్టే ఆటను బిడ్డ చేతే చేయించడం వంటివి రోజూ కాసేపు సాగితే చాలు.