సెండాయ్‌లో గ్యూతాన్, సోబా తినడం ఎలా?

గ్యూతాన్ అంటే బొగ్గుల మీద కాల్చిన ఆవు నాలుక. బీఫ్ ముట్టని వాళ్లు నేరుగా సోబా (బక్‌వీట్ పిండితో చేసే నూడుల్స్) దగ్గరికి దిగిపోవచ్చు, కానీ అక్కడా ఒక చేప దాక్కుని ఉంది, చెబుతాను.

గ్యూతాన్‌కి అసలు ఊరు జపాన్‌లోని సెండాయ్. టోక్యోలో షింకన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) ఎక్కితే గంటన్నర. సానో కెయిషిరో అనే వంటవాడు 1948లో అక్కడ దీన్ని మొదలుపెట్టాడని చెబుతారు. ఊళ్లోకి వెళ్లే టైం లేకపోతే స్టేషన్ మూడో అంతస్తులోనే గ్యూతాన్ హోటళ్లు వరసగా ఉన్నాయి.

ముందు బయట లైన్ చూడండి. తలుపు దగ్గర కాగితం ఉంటే పేరు, ఎంతమందో రాసి ఆగాలి. లోపల ఇచ్చే తడి తువ్వాలు చేతులకే, మొహం తుడుచుకోకండి. ఎవరినైనా పిలవాలంటే "సుమిమాసెన్" అంటే చాలు.

మొదటిసారి ఉప్పుతో కాల్చిన 'షియో' తెయ్‌షొకు అడగండి. తెయ్‌షొకు అంటే మన భోజనం ప్లేటు లాంటిది: నాలుక ముక్కలు, బార్లీ కలిపిన అన్నం, ఆవు తోక సూప్, ఊరబెట్టిన కూర. నాలుక అనగానే మెత్తగా జారిపోతుందేమో అని టెన్షన్ పడతాం గానీ, మందంగా కోసి గాట్లు పెట్టి కాలుస్తారు కాబట్టి కరకరమని తెగుతుంది, నమిలే కొద్దీ రుచి వస్తుంది. చల్లారితే మాత్రం గట్టిపడుతుంది, ఫొటోలు తర్వాత. పక్కన మిసోలో (పులియబెట్టిన సోయా ముద్దలో) ఊరిన పచ్చిమిరపకాయ కనిపిస్తే వదలకండి, ముక్కకీ ముక్కకీ మధ్య నంజుకోవడానికే అది, నా లెక్కలో ప్లేటు మొత్తానికీ అదే హీరో. తొరోరో అనే తురిమిన జిగురు దుంప ఇస్తే అన్నం మీద పోసుకుని గిన్నె నోటి దగ్గరికి తెచ్చుకుని లాగించేయండి. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకండి, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు ముక్క అందించకండి, రెండూ చావు కర్మల్లో చేసేవి.

సోబా చివర్లో. కొన్ని చోట్ల రెండూ ఒకే మెనూలో దొరుకుతాయి, లేదంటే సోబా కొట్టు వెతుక్కోవాలి. వెదురు జల్లెడ మీద చల్లగా వడ్డించే 'జరు సోబా' అడగండి. బక్‌వీట్ అలర్జీ ఉంటే ఆ జోలికే పోవద్దు, అది ప్రాణం మీదికి తెస్తుంది. నంచుకునే పులుసు పేరు త్సుయు, అందులో మామూలుగా ఎండు చేప రసం ఉంటుంది, శాకాహారులు ముందే అడగాలి. నేను మొదటిసారి వాసాబీ (ఆకుపచ్చ ఘాటు ముద్ద) అంతా త్సుయులో కలిపేసి, సోబా మొత్తం ముంచేసి ఉప్పుకషాయం తిన్నాను. అలా కాదు, నాలుగైదు పోగులు ఎత్తి కింది కొస మాత్రమే ముంచి, జుర్రుమని చప్పుడు చేస్తూ పీల్చాలి. ఇంట్లో అయితే మొట్టికాయ పడేది, ఇక్కడ మాత్రం వాసన ముక్కుకెక్కాలంటే అదే పద్ధతి.

వెంటనే లేచిపోకండి. సోబా ఉడికించిన నీళ్లు సోబాయు అని చిన్న కూజాలో తెస్తారు, మిగిలిన త్సుయులో పోసుకుని తాగాలి. గంజి తాగిన వాళ్లకు నేర్పక్కర్లేదు. బిల్లు తలుపు దగ్గర కౌంటర్లో కట్టండి, టిప్ పెట్టకండి, మర్చిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు.